పట్టు

లగ్గెరెలో మాది ఒంటిగది ఇల్లు.
మధ్యాహ్నం రెండున్నరకి
రేకుల వేడి చాప మీదికి దిగుతుంది.
చాపకి ఆ కొసన నా కూతురు మేదిని,
తొమ్మిది నెలల పదకొండు రోజులు.
ఈ కొసన నేను,
ముప్పైనాలుగేళ్లు.
ఇద్దరి ముందూ చెరో స్టీలు ప్లేటు.
దానికి బొరుగులు. నాకు అలసందలు.

ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో స్ఫూర్తి మేడమ్ చెప్పింది:
ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి
ఒక్కొక్క గింజ,
బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే,
రోజుకి మూడుసార్లు.
నిధాన, నిధాన అంది కన్నడంలో.
ఆ మాట మా కదిరిలోనూ అదే.
నా పిడికిలి బలం నాలుగు కిలోలని కాగితం మీద రాసింది.
ఇరవై దాటితే పనికి పంపుతారట.

పీణ్యలో పవర్ ప్రెస్సు
నా చూపుడువేలిని పై కణుపు దాకా తీసుకుంది.
బొటనవేలి నరాన్ని కోసి, కుట్టించుకో పొమ్మంది.
కుట్టిన నరానికి ఏదీ గుర్తులేదు:
చొక్కా గుండీ, తాళంచెవి, రూపాయి బిళ్ల.
అన్నం ముద్ద నోటికి అందేలోపు
సగం మెతుకులు ఒళ్లో.
మేదినికీ అంతే.
గంగరత్న ఇద్దరి కిందా ఒకే పాత చీర పరుస్తుంది,
ఒకేసారి దులుపుతుంది.

మొదట్లో అది
ఎలుగుబంటిలా అరచేత్తో బొరుగుల్ని ఊడ్చేది.
పిడికిలి మూస్తే లోపల ఏమీ ఉండేది కాదు.
తెరిచి చూసుకుని,
మోసపోయిన మొహం పెట్టకుండా
మళ్లీ ఊడ్చేది.
నేనైతే మూడో గింజకే ప్లేటు తోసేసేవాణ్ణి.
గింజలు స్టవ్వు బల్ల కిందికి దొర్లితే
అది వాటి వెనక పాకేది,
ఎడమ మోకాలితో తోసుకుంటూ
కుడికాలిని సామానులా వెంట లాక్కుంటూ.
నోట్లో పెట్టుకోకముందే
నేను లేచి పరిగెత్తాలి.

మా మేనత్త ఫోన్లో లెక్క చెప్పేది:
బోర్లాపడితే బొబ్బట్లు,
అడుగులేస్తే అరిసెలు.
వేళ్లు కలిస్తే ఏమిటత్తా అన్నాను.
దానికేమీ లేదురా అంది.
కాళ్లకే పండగలు పెట్టారు మనవాళ్లు.

నిన్న మంగళవారం
కరెంటు పోయింది.
ఫ్యాను చివరి చుట్టు తిరిగి ఆగింది.
మేదిని చెయ్యి ప్లేటు మీద ఆగింది.
ఊడవలేదు.
మూడు వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి.
బొటనవేలు,
ఇల్లు అద్దెకి అడగొచ్చిన మనిషి
గడప దగ్గర నిలబడినట్టు
కాసేపు నిలబడి,
చూపుడువేలికి ఎదురు వచ్చింది.
మధ్యలో ఒక బొరుగు.
నేను ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత బొరుగు.

అది తినలేదు.
చెయ్యి చాప అంచు దాటించి
వేళ్లు విప్పింది.
బొరుగు పడింది. వంగి చూసింది.
ఇంకోటి తీసి మళ్లీ వదిలింది.
పట్టడం వచ్చిన పూటే
వదలడం మొదలుపెట్టింది.

ఆ రోజు ప్రెస్సు కింద
రేకు వంకరగా కూర్చుంది.
సర్దుదామనుకున్నాను.
వదిలెయ్యి అని పక్క మిషను షబ్బీరు అరిచాడు.
పన్నెండేళ్లుగా పట్టుకోవడమే నా పని.
విప్పాలని వేళ్లకి తోచలేదు.

బొరుగులతో విసిగి మేదిని
నా దగ్గరికి పాకి వచ్చింది.
నా చూపుడువేలిని పట్టుకుని
కొస దాకా తడిమింది. కొస లేదు.
నా మొహం చూసింది.
ఆ తర్వాత చాప అంచు ఎత్తి
మిగతా వేలు కింద పడిందేమోనని వెదికింది.

నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాను.
వాకిట్లోంచి గంగరత్న ఏమైందని అడిగితే
చెప్పడం చేతకాలేదు.

సాయంత్రం తను
వీధి చివరి బండి దగ్గర్నుంచి పొట్లం తెచ్చింది.
పట్టు చిక్కితే పకోడీ, అంది,
మీ అత్తకి చెప్పు, లెక్కలో కలుపుకోమను.
నూనె కాగితంలోంచి ఒకటి తీయబోయాను.
జారింది.
మళ్లీ తీశాను.