కుక్కను పట్టుకోండి

తాళం కొన్నది మేమే.
ఇంటికి రెండేసి వేల తుగ్రుగులు పోగేసి
బజారులో బేరమాడి మరీ తెచ్చాం,
మూడు చెవుల ఇత్తడి తాళం.

అప్పటికి దష్‌న్యామ్ తాత
మా కొండవాలుకి వచ్చి నెల.
మంచుకి మంద మొత్తం చచ్చిపోతే
గుడారం విప్పి లారీలో వేసుకుని
ఉలాన్‌బాతర్ పొగలోకి దిగాడు.
తలుపుకి గొళ్ళెం కూడా పెట్టేవాడు కాదు.
పొయ్యి మీద ఉప్పు టీ,
పళ్ళెంలో ఎండు జున్ను,
ఎవరైనా రావచ్చట, తాగిపోవచ్చట,
తను ఇంట్లో లేకపోయినా సరే.

మొదట నవ్వుకున్నాం.
తర్వాత ఎవరో అన్నారు,
"ఒక్క తలుపు తెరిచుంటే చాలు,
దొంగకి వీధంతా దారి తెలుస్తుంది."
ఎవరన్నారో గుర్తులేదు.
నేనే అయ్యుంటాను.

"అక్కడ జనాన్నెలా నమ్మేవాడివి తాతా?"
ఆ ప్రశ్నే ఆయనకు అర్థం కాలేదు.
"నమ్మడమేముంది?
నలభై కిలోమీటర్ల మంచు దాటి వచ్చినవాడు
దూరంగా ఆగి
'కుక్కను పట్టుకోండి' అని కేకేస్తాడు.
మేం కుక్కను పట్టుకుంటాం.
రేపు ఆ మంచులో నడిచేది నేనే గదా."

తాళాన్ని రెండు చేతులా అందుకున్నాడు.
ఇచ్చినదాన్ని కాదనడం మాలో తప్పు.
అది తెలిసే ఇచ్చాం.

జనవరిలో ఒక రాత్రి,
ఉమ్మి నేల చేరేలోగా గడ్డకట్టే చలి,
వీధి మొదట్లో కేక:
"కుక్కను పట్టుకోండీ!"
మా ప్రతి కంచె వెనకా ఒక కుక్కుంది.
అన్నీ మొరిగాయి.
ఎవరూ పట్టుకోలేదు.
నేను కిటికీ అద్దం మీది మంచు గీకి చూస్తున్నాను,
ఎవరింట్లోనైనా దీపం వెలిగితే
నేనూ వెలిగిద్దామని.
అవతలి కిటికీలోనూ
ఒక వేలు గీకుతోంది.

రెండోసారి కేక.
మూడోసారి సగమే.
అప్పుడు వినపడింది
లోపలివైపు నుంచి ఇత్తడి చప్పుడు.

పొద్దున నీళ్ళ పంపు దగ్గర అడిగాను.
బొగ్గు లారీ కుర్రాడట, బండి ఆగిపోయిందట,
టీ తాగి, పడుకుని, తెల్లారకముందే వెళ్ళాడట.
"ఏమైనా పోయిందా తాతా?"
అడిగాక నాకే నాలుక మీద చేదు.

డబ్బా నిండేదాకా మాట్లాడలేదు.
"తలుపు తీయబోతూ
'ఎవరు నువ్వు' అన్నాను.
మా నాన్న బతుకంతా
ఆ మాట అనలేదు."

మూత బిగించాడు.
రెండడుగులు వేశాడు.
ఆగి,
బిగిసిందో లేదో
మళ్ళీ చూసుకున్నాడు.