ముప్పై ఎనిమిదిన్నర మీటర్లు

ఘెంట్ కాలవ లాకుల మీద లస్కరును నేను.
తలుపుల చక్రం తిప్పి తిప్పి
అరచేతి గీతలు అరిగిపోయాయి.
పొగమంచులో పడవ పేరు కనబడదు,
కుక్క గొంతు వినబడుతుంది.
దాన్ని బట్టే చెప్పేవాణ్ణి
వచ్చేది ఎవరో.

ఓడిలాన్ పడవ మీద ఉండేది పెక్.
పెక్ అంటే మా మాటలో తారు.
పడవ అడుక్కి పూయగా డబ్బాలో మిగిలిన తారుకి
నాలుగు కాళ్ళు మొలిచినట్టుండేది.
ఏడు కిలోలు. అందులో సగం బొచ్చు,
తక్కిన సగం అనుమానం.
నక్క మూతి, నిక్కిన చిన్న చెవులు,
కోపమొస్తే మెడ చుట్టూ లేచి నిలిచే జూలు,
వెనక తొడలకి పొట్టి లాగు తొడిగినట్టు ఒత్తు వెంట్రుకలు.
ఆ వెనక, ఏమీ లేదు.
కుక్క తోక వంకరని చెప్పబోయినవాడు
దీన్ని చూసి నోరు మూసుకోవాల్సిందే.

తోకేదని అడిగితే ఓడిలాన్‌ది పూటకో కథ.
బ్రస్సెల్స్‌లో చెప్పులు కుట్టేవాళ్ళ వీధిలో
పక్కింటి కుక్క మాంసం ముక్క ఎత్తుకెళ్ళిందని
ఒకడు తోలుకత్తితో తెగ్గోశాడట.
భలే ఉందే అని వీధంతా తెగ్గోసుకున్నారట.
ఆదివారాలు ఇత్తడి పట్టీలు తోమి
ఎవరి కుక్క మెడ ఎక్కువ మెరుస్తుందో పందేలట.
మర్నాడు అడిగితే,
"ఎవడు చెప్పాడు? ఇవి పుట్టడమే ఇలా!"

జాతి పేరు షిప్పర్కె.
అంటే చిన్న సరంగు, అనేవాడు ఓడిలాన్.
కాదు, చిన్న కాపరి, అనేది గోడెలీవ్.
ఆమెది లూవెన్ పక్క, గొర్రెల ఇల్లు.
ఇదే నలుపు, ఇదే పొగరు, కాళ్ళు మాత్రం ఇంకాస్త పొడుగు
వాళ్ళ తాత మంద వెంట తిరిగేదట.
సరంగా, కాపరా,
నలభై ఏళ్ళ కాపురంలో తేలలేదు.
పెక్ ఇద్దరి మధ్యా కూచుని
గట్టు మీద పోయే సైకిళ్ళని తిట్టేది.

ఎలక వాసనొస్తే గోధుమ బస్తాల మధ్య దూరి
రెండు రోజులైనా బయటికి రాదు.
మూసిన తలుపంటే గిట్టదు,
ప్రతి పెట్టెలోనూ తల పెట్టాలి.
పదకొండేళ్ళు బిస్కెట్టు చాపాను నేను.
పదకొండేళ్ళూ వాసన చూసి, నా మొహం చూసి,
వద్దంది.

కిందటి చలికాలం ఓడిలాన్ పోయాడు.
చక్రం దగ్గరే, చేతిలో పైపు ఆరకముందే.
పడవని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు.
గోడెలీవ్ నా లాకులకి ఎదురుగా
కింది వాటాలో రెండు గదులు తీసుకుంది.

అప్పట్నించీ రోజూ తెల్లవారుజామున చూస్తున్నాను.
రేవు రాళ్ళ మీద పెక్ పహరా.
తాడు కట్టే ఇనప గుంజ దగ్గర మొదలు,
పగిలిన రాయి దాకా,
అక్కడ ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి.
రాయి అవతల పావురాలున్నా
ఒక్క అడుగు వెయ్యదు.
ఒకనాడు ఎవరూ చూడకుండా టేపు పెట్టి కొలిచాను.
ముప్పై ఎనిమిదిన్నర మీటర్లు.
ఓడిలాన్ పడవ పొడవు
లాకు పుస్తకంలో నా చేత్తో రాసిందే.

గోడెలీవ్ కాఫీ కప్పుతో వస్తుంది,
చదును నేల మీద ఒకచోట
కాలెత్తి దాటుతుంది,
లేని గడపని.

నిన్న పలకరిద్దామని వెళ్ళాను.
జూలు లేచింది. కాలవంతా మారుమోగింది.
రాళ్ళ అంచు దగ్గరే ఆగి, టోపీ తీసి,
"ఎక్కొచ్చా?" అన్నాను.
పెక్ మొరగడం ఆపి
గోడెలీవ్ వైపు చూసింది.