గోళ్ళు తీసే పని

మేం పదకొండు మందిమి. సంచులు పద్దెనిమిది.
వ్యాను పక్కకి కట్టిన బ్యానరు
మోల్డోవా గాలికి దారి పొడుగునా
తన చెంపలు తనే వాయించుకుంటూ వచ్చింది.

నా సంచిలో మూడు ప్రసంగాలున్నాయి.
ఒకటి ఆశ గురించి, ఒకటి క్షమాపణ గురించి,
మూడోది, అన్నిటికంటే పొడుగైంది,
తగ్గింపు గురించి.

ఆశ్రమం గేటు తీసింది నర్సు జినైదా.
రబ్బరు బూట్లు, మోచేతుల దాకా బ్లీచింగు వాసన.
బ్యానరు వైపు చూడనైనా లేదు.
"గోళ్ళు తీయడం ఎవరికి వచ్చు?" అంది.
రుస్లాన్ తర్జుమా చేశాక కూడా
అర్థం కానట్టే నిలబడ్డాం.
"నలభై రెండు మంది ఆడవాళ్ళు.
ఎన్ని వేళ్ళో మీరే లెక్కేసుకోండి.
పాటలు తర్వాత."

గోరంతని కొండంత చేసి
ఇంటికి ఉత్తరాలు రాయడం మాకు బాగా వచ్చు.
ఇక్కడ పనే గోరంత.

పొయ్యి పక్కన పీట వేసుకున్నాను.
అంచు పెచ్చులూడిన ఎనామిల్ బేసిను.
పంతొమ్మిదో మంచం ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.
రిజిస్టర్లో ఆవిడ అంతే: పంతొమ్మిది.
ముప్పై ఏళ్ళ కిందట ఎవరో బండి మీద తెచ్చి
దించి వెళ్ళారట. కాగితం వానకి తడిసిందట,
పేరూ ఊరూ ఉన్న సగం.

ఆ గోళ్ళు
అక్రోటు డొప్పల్లా మందంగా, పసుపుగా,
వేలు చుట్టూ తిరిగి మళ్ళీ వేల్లోకే దిగినవి.
నానబెట్టాను. నీళ్ళు చల్లారాయి. మళ్ళీ పోశాను.
నాలుగోసారికి నీళ్ళ రంగు చూడటం మానేశాను.
ఒక పాదం మాత్రం పావడా కింద దాచుకుంది,
దొంగిలించిన రొట్టెలా.

నిజం చెప్తాను. మొదటి గంటంతా
నన్ను నేనే పక్కనుంచి చూసుకుంటున్నాను.
వంగిన నా వీపు ఎంత బాగుందో,
కిటికీ వెలుగులో ఎవరైనా ఒక ఫోటో తీస్తే బాగుండు, అని.
ఆ ధ్యాసలోనే కత్తెర జారింది.

చిటికెన వేలు నుంచి రక్తం.
చుక్కే. కానీ బేసినంతా గులాబీ రంగు.
సేవకి వచ్చిన చెయ్యి చేసిన గాయం.
నా మూడు ప్రసంగాల్లో
దానికి ఒక్క మాట లేదు.

ఆవిడ అరవలేదు. కాలు లాక్కోలేదు.
నా నుదుటి మీద, కనుబొమలకి కాస్త పైన,
అరచెయ్యి ఆనించి కిందికీ పైకీ రుద్దింది.
తర్వాత చెవి వెనక గోకింది.
"జొయానా," అంది. "జొయానా, జొయానా."

జినైదా చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది.
ఈ గదిలో ఆ గొంతు ఎవరూ వినలేదట.
రుస్లాన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.
"అది ఆవు పేరు.
మా పల్లెల్లో గురువారం పుట్టిన దూడకి పెడతారు."

అంటే ఎక్కడో ఒక పాక. తడి గడ్డి.
పొదుగు పక్కన తల ఆనించి కూర్చున్న పిల్ల.
పితికేటప్పుడు అది తన్నినా
తిట్టకుండా నుదురు నిమిరే పిల్ల.
రిజిస్టరు పోగొట్టుకున్న ఊరిని
ఆ అరచెయ్యి పోగొట్టుకోలేదు.

అప్పుడు, దాచిన పాదాన్ని
మెల్లగా బయటికి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది.
రెండే వేళ్ళు. మిగతావి ఏ చలికాలమో తినేసింది.
రెండు గోళ్ళు.
వాటికి పట్టినంత సేపు
నాకు ఏ ప్రసంగానికీ పట్టలేదు.

సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కరం ఒక్కో పేరు చెప్పాలి.
పాస్టరుగారు నా వైపు చూశారు.
ఆ ఆవు చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో,
దాని పేరే చెప్పాను.
ఎవరో దగ్గారు.

మర్నాడు వేణ్ణీళ్ళు మోసుకుంటూ వరండాలో వెళ్తుంటే
వెనకనుంచి కేక, "జొయానా!"
ఇంత దూరం నేను వేరే పేర్లతో పిలిపించుకుందామని వచ్చాను.
బేసిను కింద పెట్టాను.
పలికాను.