ఒలికిన నీళ్ళు

కనిగిరిలో, పామూరు రోడ్డు మీద,
నీళ్ళ ప్లాంటులో పని నాది.
క్యాన్లు కడుగుతాను, నింపుతాను, మూత బిగించి
ఆటోకెక్కిస్తాను.
మా నాన్న పళ్ళ మీద గోధుమరంగు చారలు.
నా పళ్ళ మీదా అవే,
బోరు నీళ్ళు పెట్టిన సంతకం.

ఎస్తేరు సిస్టరుకి దర్శి బదిలీ అయినప్పుడు
మంచం, గ్యాసుబండ, కుట్టుమిషను లారీ ఎక్కాయి.
ఆర్కిడ్ కుండీ ఒక్కటి నా చేతిలో మిగిలింది.
"ఆ గతుకులకి తట్టుకోదు మాల్యాద్రీ,
నువ్వు చూస్తా ఉండు" అనింది.
లారీ కదిలాక తల బయటికి పెట్టి
"నీళ్ళెక్కువ పొయ్యమాక!" అని అరిచింది.

ఎట్టా వింటాను ఆ మాట?
ఒక్క బిందె కోసం రాత్రి రెండింటికి లేచిన ఇల్లు మాది.
గుమ్మంలోకి మనిషొస్తే
పేరడక్కముందే చెంబందిస్తాం.
నీళ్ళు చేతిలో పెట్టుకోని
చెట్టు ముందు ఊరికే నిలబడటం
నాకెవరూ నేర్పలేదు.
పొద్దున ఓ చెంబు, మాపటేళ ఓ చెంబు,
నడుమ ఎండ చూసి మనసొప్పక ఇంకో గ్లాసు.
అదీ చేతిపంపు నీళ్ళు.

ఇరవై రోజులకి ఆకులు వాడి ముడతలు పడ్డాయి.
దప్పికేమో అనుకోని
ఇంకా పోశాను.

ఆదివారం కుండీ బోర్లిస్తే
మురిగిన వాసన.
వేరు పట్టుకుంటే తోలు ఊడి వేళ్ళకంటింది,
లోపల ఉత్త దారప్పోగు.
కుండీ అంచున తెల్లగా ఉప్పు పెళుసు,
మా కాగు అడుగున గీకి పారేసేదే.

ఫోన్ చేశాను. సిస్టరు తిట్టలేదు.
డ్రెస్సింగ్ రూములో మాట్లాడే గొంతుతో చెప్పింది:
బ్లేడు మంట మీద కాల్చు.
మెత్తబడిందేదీ ఉంచమాక.
నొక్కితే గట్టిగా ఉన్నదాని జోలికి పోమాక.
కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దు.
ఆకుల నడుమ గుంటలో చుక్క నిలిచినా
గుడ్డతో ఒత్తు.
మట్టి వొద్దు. దాని వేళ్ళకి గాలి కావాల.

పదకొండు వేళ్ళలో మూడు మిగిలాయి.

కరీముల్లా ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులడిగాను.
బోండాల బండి దగ్గర పీచు ఏరుకోని
మూడు రోజులు నానేసి, ఉప్పు పోయేదాకా పిండాను.
పగిలిన పెంకుముక్కలు అడుగున పరిచాను.
పక్కల బొక్కలున్న కుండీలో
ఆ మూడు వేళ్ళనీ ఎంత మెల్లగా దించానంటే
మా ఆవిడ పొయ్యి దగ్గర్నించి తొంగిచూసి
"పిల్లోడికి కూడా ఇంత మెల్లగా పొయ్యలేదు స్నానం" అనింది.

ఇప్పుడు వేళ్ళే చెబుతాయి.
వెండిరంగుకి తిరిగితే పొయ్యాల.
పచ్చగా ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోవాల.
పోస్తే పొద్దునపూట, అడుగునుంచి ధార కారేదాకా.
కారింది కింద పళ్ళెంలో నిలవకూడదు.

ప్లాంటులో మీటరుంది, పెన్నంత.
బోరు నీళ్ళలో ముంచితే పద్నాలుగొందలు.
వడకట్టినవాటిలో నలభై.
ఆర్కిడ్‌కి నలభయ్యే పోస్తున్నా.
మా నాన్న యాభై ఏళ్ళు తాగింది
ఆ పద్నాలుగొందలు.
నడుము వంగినాక వచ్చింది ఊళ్ళోకి మీటరు.
ఈ సంగతి చెట్టుకి చెప్పి ఏం లాభం.

ఓనరు చెంచురామయ్య లెక్కల పుస్తకంలో
'ఒలికినవి' అని ఓ గడి ఉంది.
అందులో రాస్తాను, అర లీటరు.
"ఏందిరా, సరిగ్గా నాలుగు రోజులకోసారే ఒలుకుతున్నాయే,
తేదీ చూసుకోని మరీ?" అన్నాడు.
వాయుగుండం ముసురుకి తొమ్మిది రోజులు
గడి ఖాళీగా ఉంటే
"చెయ్యి కుదురైందే" అని మెచ్చుకున్నాడు.

రాత్రి సిస్టరు ఫోను.
"పూసిందా?"
లేదు సిస్టరూ.
కుండీ బొక్కలోంచి ఓ వేరు బయటికొచ్చింది.
కొన లేతాకుపచ్చగా, గోరంత.
యాడికి పోతుందో తెలీదు, గాలిలోకే.

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"లోపలికి నెట్టమాక" అనింది.