బుక్రా

సోహార్ తీరంలో
సముద్రాన్ని మంచినీళ్లు చేసే కర్మాగారం.
దాని వెనక చలిగదిలో
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నేను.
బయట చొక్కా పిండుకునే ఉక్క,
లోపల నాకు స్వెట్టరు.

ఎవరో తలుపు కొడుతూనే ఉంటారు.
చేతులుండవు, ముఖాలుండవు,
సెకనుకు నలభై సార్లు.
అడ్మిన్, అడ్మిన్ ఒకటి రెండు మూడు,
రూట్, గెస్ట్, మళ్లీ అడ్మిన్ –
తాళంచెవుల గుత్తి దొరికిన కోతిలా
ఒక్కొక్కటీ దూర్చి చూస్తారు.
ఈ నీళ్ల మీద వాళ్లకేం పగ లేదు.
తలుపంటూ కనబడితే చాలు.

మొదట్లో తరిమేవాణ్ణి.
ఒక చిరునామా మూసేస్తే
పక్క సందులోంచి పది.
ఈగల మీద కర్ర తిప్పినట్టే,
తెల్లారేసరికి నా భుజం నొప్పి తప్ప
ఈగలకేం కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మా కోరుట్లలో
నేను ఐదో తరగతి చదివిన ఏడు
ఇంటింటి తలుపు మీద జాజుతో రాసిన మాట:
రేపు రా.
దయ్యానికి చదువొచ్చని వాడంతా నమ్మింది.
చదివి, తలూపి, వెళ్లిపోతుందట.
రేపొచ్చి మళ్లీ అదే చదువుతుందట.
మా నాయనమ్మ ఒక్కతే రాయనియ్యలేదు.
"వస్తే రానియ్యి,
బీడీలు చుట్ట ఇంకో చెయ్యి కలుస్తది."

ఆ మాటే తర్వాత నాకు చాలామంది చెప్పారు.
వీసా ఏజెంటు, పదకొండు నెలలు.
మస్కట్ ఆఫీసులో నా పాస్‌పోర్టు నేనడిగితే
అద్దం వెనక అతను, తల ఎత్తకుండా:
బుక్రా.
మర్నాడు: బుక్రా, ఇన్షా అల్లా.
లేదంటే కోపమొస్తుంది, లేచిపోవచ్చు.
రేపంటే కూర్చుంటాం,
కుర్చీ లేకపోతే మెట్టు మీద.

నేర్చిన విద్య ఊరికే పోదు.
ఒక ఉత్తుత్తి తలుపు చేసి
దారి పక్కన పెట్టాను, గొళ్లెం వదులుగా.
తట్టగానే పలుకుతుంది,
పది సెకన్లకొక అక్షరం.
"స్వా" అంటుంది.
ఆగుతుంది.
"గ" అంటుంది.
"తం" వచ్చేలోపు నేను చాయ్ తాగొస్తాను.
అటువైపు యంత్రం చెవి ఒగ్గి నిలబడే ఉంటుంది.
ఒకటి మూడు రోజులు నిలబడింది.
కాళ్లుంటే పీకేవి.
నెల తిరిగేసరికి సగం మంది మానేశారు –
దొంగతనానికైనా కూలి గిట్టాలి కదా.

రంజాన్ రెండో వారం
ఆ తలుపు దగ్గర కొత్తగా ఒకటి చిక్కింది.
వెనక్కి తవ్వుకుంటూ పోతే
అది సముద్రాలవతలది కాదు.
మా క్యాంపుది. గది పద్నాలుగు.
ముత్తెం ఫోను.
పైపుల వెల్డరు, రాయికల్ వైపు మనిషి.
బిడ్డ ముఖం చూడ్డానికి
డబ్బు లేకుండా కాల్ కలిపే యాప్ ఏదో
బజార్లో ఎవరో ఎక్కించారు.
బిడ్డ అక్కడ పళ్లూడిన నోటితో నవ్వుతుంటే
ఆ నవ్వు చాటునుంచి
ఇంకెవడో ఇతని చేత్తో
నా తలుపు కొడుతున్నాడు.

రూలు ప్రకారం పేరు పైకి పంపాలి.
పైకి పోయిన పేరు
ఏ విమానం ఎక్కుతుందో నాకు తెలుసు.

శుక్రవారం నేనే పోయాను.
ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.
"నా ఫోను దొంగదా అన్నా?"
"ఫోను మంచిదే. దొంగ దాని మీద కూసున్నడు."
తుడిచేశాను.
యాప్ పోయింది, దాంతో పాటే బిడ్డ.
అతనేం అనలేదు.
మిగిలిన రెండు గడ్డలూ కోసి, కత్తి కడిగి,
అప్పుడడిగాడు:
"మళ్ల ఎప్పుడు కనవడ్తది?"

ఆ మాట నాలిక చివరికొచ్చింది.
ఎన్నేళ్లుగా వింటున్న మాట,
నా చేత్తో నేనే యంత్రానికి నేర్పిన మాట.
మింగాను.
నా ఫోన్లో డబ్బు కట్టిన లైను తీసి
నంబరు కలిపి అతని చేతిలో పెట్టి
బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

లోపల్నుంచి చిన్న గొంతు,
ఆగకుండా, అక్షరాలన్నీ ఒక్కసారే:
"గిది ఎవల ఫోను బాపూ?"