ఏడో సీసా

పలమనేరు బస్సులో నా ఒళ్లో ఐసుడబ్బా.
అందులో పట్టక మిగిలిన ఏడో సీసా చేతిలో.
"తీర్థమా పాపా?" అంది పక్క సీటామె.
"ఆవు పంచితమమ్మా. పరీక్షకు."
"అయితే మేలే. రెండు చుక్కలు పొయ్యి తల్లీ,
కొత్తిల్లు, ఇంకా శుద్ధి చెయ్యలా."
అన్నిట్లో యాసిడ్ కలిపాను,
ఆ ఒక్కదానికే చాల్లేదు.
మూత తిప్పాను.
టిఫిను మూతలో పోయించుకుని, కొంగు కప్పి
బంగారుపాళ్యంలో దిగిపోయింది.

తిరుపతి. పశువైద్య కాలేజీ, రెండో అంతస్తు.
పాత గాజుబట్టీకి తొందర లేదు:
క్షారం పోసి కాచి, ఆవిరిని చల్లార్చి
బొట్టుబొట్టుగా అప్పజెబుతుంది.
దానికో దురలవాటు, యూరియాను కూడా విరగ్గొట్టి
ఇంకా పుట్టని అమ్మోనియాను లెక్కలో రాసుకుంటుంది.
ఫినాల్ పద్ధతిది నీలం భాష,
ముదిరితే ఎక్కువ, తేలితే తక్కువ.
కొత్త ఎలక్ట్రోడ్ ముంచగానే అంకె చెబుతుంది,
చెప్పి, మాట మారుస్తుంది.

పదకొండు సీసాల మీద మూడూ ఏదో రాజీకొచ్చాయి.
ఏడోదాని పంచాయితీ తెగలేదు.
"మళ్లీ చెయ్యి" అన్నారు సారు.
చేశాను. రాత్రి తొమ్మిదయింది.

అటెండరు చెంగల్రాయుడు మూత తీసి
ఒక్కసారి పీల్చాడు.
"ఇది దోవలోనే గాలి చూసుండాది మేడమ్.
పొద్దుటి వాసన కాదిది."
ముప్పై ఏళ్ల ముక్కు.
దానికి ప్రమాణ ద్రావణం అక్కర్లేదు.

నోటుబుక్కులో కారణం గడి ఖాళీగా ఉంది.
యాసిడ్ కలపలేదు అని రాశాను. అదీ నిజమే.
మూత సంగతి రాయలేదు.
ఈపాటికి బంగారుపాళ్యంలో
ఓ గడప ఆరిపోయుంటుంది.