పన్నెండోది ఇంకా రాలేదు

పొద్దున ఏడింటికి బూర్జ్‌లో వదిలారని రేడియో చెప్పింది,
గాలి నైరుతి, ఆకాశం తేట.
ఈ రెండు ముక్కల కోసమే
ఎన్ని ఆదివారాలు ప్రార్థన ఎగ్గొట్టానో
పైవాడి దగ్గర లెక్కుండే ఉంటుంది.

పదకొండు వచ్చాయి. మొదటిది ఒంటిగంటకి.
ఇప్పుడు అయిదు దాటింది.
ఎడమ రెక్కలో ఒక్క తెల్ల ఈక ఉన్న నీలి పోతు,
అదొక్కటే రాలేదు.

"సూప్ రెండోసారి వేడిచేశా" అంటుంది గోడెలీవ్ వంటింట్లోంచి.
"వస్తున్నా" అంటాను గూటి నిచ్చెన మీంచి.
మా కాపురంలో ఎక్కువసార్లు పలికిన మాట అదే,
ఎక్కువసార్లు అబద్ధమైనదీ అదే.

నాన్న వాటర్‌స్కై గనిలో
ఎనిమిది వందల మీటర్ల లోతున బొగ్గు తవ్వేవాడు.
పైకొచ్చి మొహమైనా కడుక్కోకుండా నిచ్చెనెక్కేవాడు.
పొద్దస్తమానం నేల కింద ఉన్నవాడికి
ఆకాశంలో ఓ చిన్న చిరునామా కావాలనిపిస్తుందేమో.
అడగలేదు. మా ఇంట్లో అలాంటివి అడిగే అలవాటు లేదు.
నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఈకలైనా సరిగా రాని పిల్లని
నా దోసిట్లో పెట్టి
"నొక్కకు, జారవిడవకు" అన్నాడు.
పెంపకం గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు మాటలే.
మా హిల్డె దగ్గర మొదటిది మర్చిపోయాను.
అది లీజ్‌లో నర్సుగా చేరి
మూడేళ్లపాటు పండక్కి కార్డు మాత్రమే పంపింది.

పందెం ముందు వారమంతా పోతుని పెంటికి దూరంగా ఉంచుతాం.
బుట్టకెక్కించే ముందు అయిదు నిమిషాలు చూపిస్తాం.
ఆ అయిదు నిమిషాలు తలుచుకుంటూ
నాలుగొందల యాభై కిలోమీటర్లు ఎగిరొచ్చేస్తుంది.
ఆ పద్ధతిని మావాళ్లు వైధవ్యం అంటారు.
ఒకసారి పెళ్లిరోజున ఎవరికో ఇది వివరిస్తుంటే
"ఆ పద్ధతిలో ఉన్నది నేను కదూ" అంది గోడెలీవ్.
అందరం నవ్వాం. తను నవ్విందో లేదో చూడలేదు.
ఇన్నేళ్లకి ఆ సంగతి
మొక్కజొన్న గింజలా గొంతులో అడ్డుపడుతోంది.

రేడియోలో గాలి వార్తలయ్యాక మామూలు వార్తలు.
వాటిలో ఏవి గాలివార్తలో ఈ మధ్య పోల్చుకోలేకపోతున్నాను.
తూర్పున యుద్ధం, పింఛను వయసు ఇంకో ఏడు పైకి,
సరిహద్దులు మూసెయ్యాలని ఎవడో గొంతు చించుకుంటున్నాడు.
పక్కింటి సబాతీనో కంచె మీద మోచేతులాన్చి
"నిజమే, మరీ ఎక్కువమంది వచ్చిపడ్డారు" అన్నాడు.
నాలుగేళ్ల వయసులో, తాడు కట్టిన పెట్టె మీద కూర్చుని
అబ్రూజో నుంచి రైలు దిగినవాడు.
వాళ్ల నాన్నా మా నాన్నా ఒకే దీపం వెలుగులో తవ్వారు.
నేను వాడివైపే చూశాను.
"ఏంటి?" అన్నాడు.
"ఏం లేదు. నీ టమాటాలు బావున్నాయి."

గని మూశారు. మమ్మల్ని కార్ల ఫ్యాక్టరీలో పెట్టుకున్నారు.
అదీ మూశారు.
నాన్న జీతం కోసం వరసలో నిలబడ్డ గదిలో
ఇప్పుడు కాఫీ నాలుగున్నర యూరోలు.
బావుంటుంది కాఫీ, కాదనను.

క్లబ్బులో నలభై ముగ్గురం ఉండేవాళ్లం.
ఇప్పుడు అయిదుగురం,
పనిచేసే మోకాళ్లు నాలుగు.
మనవడు యార్నె వాటి కాళ్లకి చిప్పులు తొడిగాడు,
ఏది వాలినా ఫోన్ టింగుమంటుంది.
నాన్న ఇత్తడి గడియారం అలమరలో ఉంది,
ఆదివారాలు తాళం మాత్రం ఇస్తాను.
"చైనాలో ఒక పావురాన్ని మన వీధంత ధరకి కొన్నారట,
అమ్మెయ్యి తాతా" అంటాడు.
అమ్మితే కొన్నవాడి దగ్గర ఉండవురా,
తలుపు తీస్తే ఇక్కడికే వచ్చేస్తాయి.
అదే వాటి గొప్ప. అదే వాటి తెలివితక్కువతనం.

డేగ ఎత్తుకుపోయిందా, తీగకి తగిలిందా,
ఎవరి పెరట్లోనైనా గింజలకి ఆశపడి ఆగిందా?
ఒకటి రెండేళ్లకి తిరిగొచ్చింది,
తన అరలో ఉన్న కుర్రదాన్ని ముక్కుతో పొడిచి
ఏమీ జరగనట్టు కూర్చుంది.

వెనక తలుపు చప్పుడు.
గోడెలీవ్ కుర్చీ ఈడ్చుకొచ్చి పెరట్లో వేసుకుంది,
ఒళ్లో బఠాణీల గిన్నె.
యాభై రెండేళ్లలో మొదటిసారి అడిగింది:
"ఏ రంగుది?"
"నీలం. ఎడమ రెక్కలో తెల్ల ఈక."
కళ్లకి చెయ్యి అడ్డంపెట్టుకుని పైకి చూస్తోంది.
రెండు మబ్బులు, ఓ విమానం.
సూప్ మాట ఎత్తలేదు.